ఎల్దియార్ ఎత్తు

నారిన్, ఏప్రిల్ 9

ఫుట్‌బాల్ శిక్షకులు జోల్దోష్ గారికి,

మీరు పిల్లల్లో ఆట చూడరు, ఎముకలు చూస్తారు. సంతలో గొర్రెను కొనేవాడు పళ్ళయినా చూస్తాడు. మీకు భుజాలు చాలు. మీ పదమూడేళ్ళ జట్టులో మా ఎల్దియార్ కన్నా బంతిని బాగా ఆడించేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అయినా ఆరు వారాలుగా వాడు బెంచీ మీదే ఉన్నాడు. "అమ్మా, బూట్లు ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు నిన్న. బలవంతుడిదే రాజ్యమనడం తప్పని బడిలో చరిత్ర పాఠంలో నేను చెబుతుంటే, మైదానంలో మీరు అదే ఒప్పని చూపిస్తున్నారు.

ఇట్లు,
ఉపెల్, ఎల్దియార్ తల్లి

తా.క. మీ జట్టులోని ఉలాన్‌కి మీసం ఉంది. ఎవరి తండ్రో అనుకుని "మీ అబ్బాయి ఏ తరగతండీ?" అని అడిగాను.

ఏప్రిల్ 20

ఉపెల్ అక్కకు సలాం.

మీ కోపం చదివాను. దస్తూరి మాత్రం ముచ్చటగా ఉంది. ఎల్దియార్ కాళ్ళలో తెలివుంది, కాదనను. కానీ ఉలాన్ భుజం తగిలితే గీత అవతల పడుతున్నాడు. ఒకే ఏడు పుట్టినా ఒళ్ళు అందరికీ ఒకేసారి ఎదగదు. వెనకబడ్డవాడు తర్వాత అందుకుంటాడు. రెండేళ్ళు ఓపిక పట్టండి.

మీ తమ్ముడిలాంటి
జోల్దోష్

తా.క. ఉలాన్ మీకు జవాబివ్వనిది పొగరుతో కాదు. గొంతు మారుతోంది, నోరు విప్పాలంటే సిగ్గు.

మే 2

జోల్దోష్ గారికి,

ఓపిక! నిలబడ్డవాళ్ళకి ఓపిక బోధించేవాడు ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. రెండేళ్ళు బెంచీ మీదున్నవాడు ఏం నేర్చుకుంటాడు? కూర్చోవడం! ఉలాన్‌కి పదహారేళ్ళుంటాయి. అందరి జనన పత్రాలూ బయటపెట్టండి. లేదంటే పైవాళ్ళకి రాస్తాను.

ఇట్లు, తగ్గేది లేని
ఉపెల్

తా.క. మా వాడి పత్రం ముందు నేనే పంపుతున్నాను. మాకు దాచాల్సిందేమీ లేదు.

మే 15

అక్కా, సలాం.

పత్రాలన్నీ చూశాను. ఉలాన్‌కి పదమూడే. వయసు తప్పుగా ఉన్నది ఒక్కరిదే, మీ అబ్బాయిది. అతనికి పన్నెండు. దరఖాస్తులో మీరు పదమూడని రాశారు. ఆ వారమే మీ ఇంట్లో, పిల్లాడికి పదమూడు వచ్చాయని చేసే ముచోల్ విందు జరిగిందట కదా. తల్లి కడుపులో గడిపిన ఏడాదిని కూడా కలిపే ఆ పాత లెక్క విందుకి బాగుంటుంది, ఫుట్‌బాల్‌కి పనికిరాదు. పత్రం అడగకపోవడం నా తప్పే. సెప్టెంబరు నుంచి పన్నెండేళ్ళ జట్టులో ఆడిస్తాను.

జోల్దోష్

తా.క. కడుపులోనూ బాగా తన్నేవాడని మీరనవచ్చు. ఆ ఆటకి రిఫరీ లేడు.

సెప్టెంబరు 21

తమ్ముడు జోల్దోష్‌కి,

పాత ఆచారాల మీద పదిహేనేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నది నేనే, ఆ లెక్క వేసిందీ నేనే. నవ్వుకో.

కానీ ఇప్పుడు గొడవ వేరు. కొండమీద గొర్రెల మేతకు పోయి, మూడు నెలలు గుర్రపుపాలు తాగి, వాడు బెత్తెడు పొడుగై దిగాడు. శనివారం ఆట చూశాను. ఏడు గోల్స్ కొట్టాడు. బంతిని ఒక్కసారి కూడా ఎవరికీ అందించలేదు. బక్కపిల్లాడు అజమాత్‌ని భుజంతో పడేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఆహా, ఏం ప్రతిభ!" అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక అడిగితే, "పాస్ ఎందుకమ్మా, నన్నాపేవాడెవడు?" అన్నాడు.

మిగతావాళ్ళు ఎదిగిన రోజున వీడికి ఒళ్ళు తప్ప ఆట మిగలదు. ఇది ప్రతిభ కాదు, తొందరగా వచ్చిన ఎత్తు. నువ్వు ఊరుకుంటే నేనూరుకోను.

ఇట్లు,
నీ అక్క ఉపెల్

తా.క. నా డిమాండ్లు:

1. ఎల్దియార్‌ని రేపే పెద్ద జట్టుకి మార్చాలి. పడితే పడనీ.
2. నెలకోసారైనా వయసు పక్కనబెట్టి, ఎదుగుదలను బట్టి జట్లు కట్టాలి.
3. అజమాత్‌ని ప్రతి ఆటలోనూ ఆడించాలి.
4. ఇదంతా నీ ఆలోచనేనని ఎల్దియార్‌కి చెప్పాలి.