సముద్రంలో బోరెందుకు

ఉప్పుమడ, 4-6-2011

ఎల్.బి.నగర్‌లోని సాగర్ డ్రిల్లింగ్ వర్క్స్ యజమానిగారికి,

ఉప్పుమడ గ్రామ సర్పంచ్ జోగారావు నమస్కరించి రాయునది. మా ఊరి ఎదుట సముద్రంలో మీ కంపెనీ చమురు కోసం తవ్వబోతున్నట్టు తెలిసింది. ఇంకా తవ్వకముందే, మీ కొలతల ఓడ నెల్లాళ్ళు తిరిగి మా వలలన్నీ కోసేసింది. చేపలమ్మే పెంటమ్మ ఇప్పుడు అదే గంపలో బంగాళాదుంపలు అమ్ముతోంది. వాటికీ చేపల వాసనే వస్తోందని ఎవరూ కొనడం లేదు.

తవ్వకం వద్దని మా పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతి జతచేశాను. మీ చిరునామా మా కార్యదర్శి గంగాధరరావు టెలిఫోన్ పుస్తకంలో వెతికి పట్టాడు. జవాబు కోరుతూ,

జోగారావు

తా.క. ఇంగ్లీషు ప్రతిలో ‘వద్దు’ అన్న మాట పడలేదట. దయచేసి తెలుగుదే చదవండి.

*

ఎల్.బి.నగర్, 15-6-2011

సర్పంచ్ సాబ్‌కు బక్కయ్య దండం పెట్టి రాస్తున్నది.

మీ కాగితం మూడుసార్లు చదివిన. మీ సముద్రంల మేము బోరు ఎయ్యం. ఎన్నటికీ ఎయ్యం. కంపెనీ కాగితం మీదనే రాసి ముద్ర గుద్దిన. జర నమ్మున్రి.

(వెనక పేజీ చూడున్రి)

అసలు సముద్రంల బోరెందుకు సార్, ఆడ నీళ్ళున్నయి గద. నాది నీళ్ళ బోర్ల పని. ఉన్నది ఒక్కటే లారీ. సాగర్ అంటే మా షాపు ముందటి నాగార్జునసాగర్ రోడ్డు. నల్గొండ దిక్కు మా ఊర్ల నా సొంత చెల్కల పదిహేడు బోర్లేసిన. పదహారు ఎండినయి. పదిహేడోదాంట్ల నీళ్ళు పడ్డయి గని, అవి తాగితే కాళ్ళు వంకర పోతున్నయి. అందుకే పట్నమొచ్చిన. మీ పరేషాన్ నాకు ఎరుకే.

మీ బక్కయ్య

తా.క. మా నీళ్ళు మాకే అని దిల్‌సుఖ్‌నగర్ జులూస్‌ల ఒర్రొచ్చి రాస్తున్న. గొంతు పోయింది గని, ఉత్తరానికి గొంతు అక్కర్లేదు గద.

*

ఉప్పుమడ, 28-6-2011

బక్కయ్యగారికి నమస్కారాలు.

ఘోరం జరిగిపోయిందండి. గంగాధరరావు మీ ఉత్తరంలో మొదటి పేజీ, ముద్ర చూసి ఊరంతా టముకు వేయించాడు. ఆడవాళ్ళు హారతులిచ్చారు. ఆ ఊపులో నేనూ వెళ్ళి ప్రతి ఒకటి మండలం ఆఫీసులో ఇచ్చేశాను. వెనక పేజీ ఇంటికొచ్చాక చదివాను. అప్పటికే వాళ్ళు ‘కంపెనీ హామీ ఇచ్చింది, అభ్యంతరం పరిష్కారమైంది’ అని రాసి మా తీర్మానం ఫైలు మూసేశారు.

‘ఆయన వేరే బోర్లాయనండీ’ అన్నాను. ‘ముద్ర ఉంది కదా’ అన్నారు. ఫైలు తెరవాలంటే, తవ్వుతామని కంపెనీయే రాసివ్వాలట. కాబట్టి మా సముద్రంలో తప్పకుండా తవ్వుతామని ఒక్క ముక్క రాసి పుణ్యం కట్టుకోండి.

మీ జోగారావు

తా.క. ఈసారి ఒక్క పేజీలోనే ముగించండి.

*

ఎల్.బి.నగర్, 16-8-2011

సర్పంచ్ సాబ్,

తప్పు నాది. గని అబద్ధానికి ముద్ర గుద్దనీకి చేతులు రాలే. అందుకని అసలు కంపెనీనే దేవులాడిన. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్ మీది అంతస్తుల ఉన్నది వాళ్ళ ఆఫీసు. అయిదుసార్లు పోయిన. మూడుసార్లు బంద్, ఒకసారి సారు లేడు.

అయిదోసారి సారు దొరికిండు. ‘నీది ఆ ఊరా?’ అన్నడు. కాదన్న. ‘మరి నీకేంది?’ అన్నడు. మా ఊరి నీళ్ళ గురించి మేము ఎన్ని కాగితాలు రాసినా ఒక్కదానికి జవాబు రాలే సార్. గది యాదికొచ్చి ఆడనే కూసున్న. నన్ను పంపించనీకి కార్తీకంల తవ్వుతమని నవ్వుకుంట రాసిచ్చిండు. ముద్ర నాదాని కంటె పెద్దగున్నది. ఈ కవర్లనే పెట్టిన. ఇగ ఫైలు తెరుస్తరు.

మీ బక్కయ్య

తా.క. ఆ సారు నన్ను ఆంధ్రోడనుకున్నడు. మీ కోసం అనిపించుకున్న. ఈ ముచ్చట నా పెండ్లాం అండాలమ్మకు తెల్వదు.

*

ఉప్పుమడ, 20-11-2011

బక్కయ్యగారికి,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి మనసు రాలేదు.

మీరు పంపిన కాగితం అందేసరికి మా పంచాయతీ గడువు అయిపోయి రెండు రోజులైంది. ఎన్నికలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. నా కుర్చీలో మండలం అధికారి కూర్చున్నారు.

‘ఫైలు తెరవమని సర్పంచ్ రాయాలి’ అన్నారు.

‘సర్పంచ్ ఎవరండీ?’ అన్నాను.

‘ప్రస్తుతానికి నేనే.’

‘అయితే మీరే రాయండి.’

‘ఎవరికి?’

‘మీకేనండి.’

ఆయన కలం తీసి, మళ్ళీ మూత పెట్టారు. ‘నాకు నేను రాసుకుంటే బాగుండదు’ అన్నారు.

కార్తీక పౌర్ణమి దాటాక ఇనుప కట్టడమొకటి సముద్రంలోకి వచ్చి నిలబడింది. మా పడవలు దాని దగ్గరికి పోకూడదట. పోకుండా చూడడానికి ఒడ్డున ఒక కాపలా మనిషి కావాలని, ఊళ్ళో నలుగురు మాట వినే మనిషైతే మంచిదని కంపెనీవాళ్ళు అడిగారు.

ఆ ఉద్యోగంలో చేరింది నేనే. మా ఆవిడ లలితకుమారి ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. మీరు మాత్రం ఉత్తరం రాస్తూ ఉండండి.

మీ
జోగారావు

తా.క. నాకొక ఈల ఇచ్చారు. నిన్న మా తమ్ముడి పడవ అటు పోతుంటే నోట్లో పెట్టుకున్నాను. ఊదలేదు. నన్ను చూసి వాడే పడవ వెనక్కి తిప్పాడు.