కంటి చుక్కల మందు గురించి వెతికాక

అక్కా,

నువ్వు పంపిన కంటి చుక్కల మందు వీడియో చూశాను. తమ్ముడికి చూపు మళ్లీ వస్తుందని నాకూ ఆశ పుట్టింది. మొదట ఇంటర్నెట్‌లో "పోయిన చూపు తెప్పించే మందు" అని కొట్టాను. అన్నీ వస్తుందనే చెప్పాయి. నేను అడిగిన తీరే అలా ఉంది మరి.

తర్వాత మనసు కుదుటపరుచుకుని డాక్టరు చెప్పిన జబ్బు పేరు మాత్రమే కొట్టాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏమైనా అమ్ముకుంటున్నారా అని ఒక్కొక్కటీ చూశాను. ఆ వీడియో పెట్టింది మందు అమ్మేవాళ్లే. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని కంటి ఆసుపత్రులన్నీ మాత్రం ఒకే మాట రాశాయి. పోయిన చూపు రాదట, ఉన్నది కూడా ఎన్నాళ్లో నిలవదట.

దుకాణాలకు బోర్డులు రాసే మన తమ్ముడు నిన్న బ్రష్షులన్నీ కడిగి ఎవరికో ఇచ్చేశాడు. ఇంటికొచ్చి, "చిన్నక్కా, ఏమైనా దొరికిందా?" అన్నాడు. నేను మళ్లీ ఫోను తీసి వెతకబోయాను.

"పోనీలే, ఫోను పక్కన పెట్టు. వెలుతురుండగా ఇలా కిటికీ దగ్గరికి రా, నీ మొహం చూసుకోనీ" అన్నాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత, "పెద్దక్క ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

మందు తేవద్దక్కా. నువ్వు త్వరగా రా.

నీ చెల్లి