అంకితం పేజీలో ఎర్ర గుర్తు

ఏమండీ, నేను ఆఫీసుకు వెళ్తున్నాను. ప్రెస్సుకు ఫైలు అప్పుడే పంపకండి. నలభయ్యో పేజీలో బొమ్మ మాటిమాటికీ మాయమవుతోందని కంప్యూటర్‌ను తిట్టకండి. అది మీ జేబులోని పెన్‌డ్రైవ్‌లో ఉంది, మీరు వీధిలోకి వెళ్తే అదీ మీ వెంటే వస్తోంది. ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మళ్లీ పేజీలో పెట్టండి.

మీ పుస్తకం ప్రూఫులో అంకితం మీ అమ్మగారికీ, మేష్టారికీ మాత్రమే కనిపించేసరికి రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. ఇవాళ కంప్యూటర్‌లో చూస్తే ఆ అంకితం అక్షరాల పెట్టె మూలన ఎర్ర గుర్తుంది. చోటు చాలక మూడో పేరు లోపలే ఉండిపోయింది. పెట్టెను కిందికి లాగితే నేను కనబడ్డాను. "ఏమైందే?" అని మీరడిగితే "ఏం లేదు" అన్నది నేనే లెండి.

మిగతా పేజీలు మీ ఇష్టం. ఆ పెట్టెను మాత్రం మళ్లీ కుదించకండి.