మావయ్య సొరుగులో దొరికిన కాగితాలు

మావయ్యా,

ఇవాళ నీ సంవత్సరీకం. నిన్ననే ప్లాంటులో నన్ను అసిస్టెంట్ మేనేజర్‌ని చేసి, ఏడాదిగా ఖాళీగా ఉన్న నీ కుర్చీలోనే కూర్చోబెట్టారు. సొరుగు శుభ్రం చేస్తుంటే, షిఫ్టు ఇన్‌చార్జిగా నువ్వు పైకి పంపిన నా ప్రమోషన్ రిపోర్టుల కార్బన్ కాపీలు దొరికాయి. అయిదేళ్లవి. అన్నిటా నీ ముత్యాల్లాంటి చేతిరాతే: "పనిమంతుడు. ఆఫీసరు పోస్టుకి పనికిరాడు. నా షిఫ్టులోంచి తీయవద్దు."

లిస్టులో నా పేరు లేనప్పుడల్లా మా క్వార్టర్‌కి వచ్చేవాడివి. నా భార్య వడ్డించిన చేపల పులుసు తింటూ, "ఏటి సేత్తాంరా, ఈ హిందీవోళ్లు మనల్ని పైకి రానిస్తారేటి?" అనేవాడివి. అది నమ్మి, హిందీవాడే అయిన మన డిపార్ట్‌మెంట్ హెడ్ వర్మ సాబ్‌కి నమస్తే పెట్టడం కూడా మానేశాను. ఈసారి నా పేరు పంపింది ఆయనే.

పొద్దున్న పవర్ హౌస్ బజార్లో కలాకంద్ కొని, ప్రమోషన్ సంగతి చెప్పి అత్తయ్యకిచ్చాను. "మీ మావయ్యుంటే ఎంత సంబరపడిపోయేవోరో!" అని కళ్లొత్తుకుని, మొదటి ముక్క నీ ఫోటో ముందు పెట్టింది. ఆ కాగితాలు నా జేబులోనే ఉంచుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లగానే ఆ ముక్క తీసుకుని, నీ మొహం చూస్తూనే తినేశాను.