ఎడమ పక్క సీటు

జూలై 2

శీను మళ్ళీ ఫోటోలు పంపాడు. కొనేది నేనయితే బామ్మర్దికి హుషారు ఎక్కువ. పసుపు రంగు ఇటలీ బండి ఒకటి, బూడిద రంగు జర్మనీ బండి ఒకటి. రెండూ సెకండ్ హ్యాండే, రెండూ హైదరాబాదులోనే ఉన్నాయి. రెండింటికీ రెండేసి సీట్లు. మార్కాపురంలో ఇలాంటి బండి ఇంకెవరికీ లేదు. ఎందుకు లేదో కంభం రోడ్డు స్పీడ్ బ్రేకర్లు చూస్తే తెలుస్తుంది.

"జర్మనీదే తీసుకో బావా. రేపు అమ్మినా రేటు వస్తాది" అంటాడు. ఇంకా కొననేలేదు, అప్పుడే అమ్మకం. నాదీ అదే బుర్ర. ఏ సరుకైనా అమ్మకం చూసుకునే కొన్నవాణ్ణి. ఈ ఒక్క బండి దగ్గర ఆ బుర్ర పనిచేయడం లేదు.

జూలై 4

"ఆషాఢంలో బండి మాట ఎత్తొద్దు. శ్రావణం రానియ్యండి" — మా ఆవిడ రమ. సరే అన్నా. ఆమె వద్దనలేదు, అదే చాలు.

జూలై 5

ఎందుకు కావాలో ఇక్కడయినా రాసుకోవాలి. ఇంకెవరికి చెప్పుకుంటాను...

పోయినేడు హైదరాబాదులో పెళ్ళి. భోజనాలయ్యాక కిళ్ళీ నములుతూ బయట నిలబడ్డా. ఎవడో కుర్రాడు అలాంటి పసుపు బండే స్టార్ట్ చేశాడు. వినపడింది. మొత్తం వినపడింది. "ఆఁ? ఏందీ?" అనకుండా, ఎవరి పెదాల వంకా చూడకుండా, ఒక శబ్దం పూర్తిగా నా లోపలికి వచ్చింది. అలా విని ఎన్నాళ్ళయిందో. కళ్ళ నీళ్ళు తిరిగాయి. కిళ్ళీలో సున్నం ఎక్కువైందని చెప్పాను రమకు.

జూలై 8

గుంటూరు. ఇంట్లో చెప్పింది — మా పలకల ఫ్యాక్టరీకి ఆర్డరు పని. పోయింది — చెవుల డాక్టరు దగ్గరికి.

అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు ఏదో తగిలించారు. వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడివైపు బాగానే నొక్కాను. ఎడమవైపు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో తెలియదు. బటన్ చేతిలో పట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నా. బయట అద్దంలోంచి నర్సు చెయ్యి ఊపితే అయిపోయిందని తెలిసింది.

డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఎడమది పోయినట్టే. కుడిదీ తగ్గుతోంది, దాన్నయినా కాపాడుకోండి. కోత మిషన్ల దగ్గరికి పోవద్దు. పెద్ద శబ్దాలు అసలు వద్దు. చెవికి మిషను పెట్టుకోండి.

ఆలోచిస్తానన్నాను. ఆలోచించేదేముంది, నా మొహం. చెవిలో మిషనుతో బేరానికి కూర్చుంటే అవతలివాడు ముందు దాన్ని చూస్తాడు. తర్వాత పక్కవాడితో నా ఎదురుగానే గుసగుసలాడతాడు. మార్కాపురంలో పేరు పెట్టడానికి ఎంతసేపు? చెవిటి శెట్టి. పిల్లలు కూడా అదే అంటారు.

జూలై 9

ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. రాయి కోసే మిషన్లు తిరుగుతుంటే అందరూ అరుచుకోవాల్సిందే, చేతులు ఊపుకోవాల్సిందే. అక్కడ నేనూ అందరిలాంటి వాణ్ణే. ఇన్నేళ్ళు చెవులు తిన్న చోటే ఇప్పుడు నన్ను దాస్తోంది.

నాయన చివరి రోజుల్లో రేడియో వీధి చివరికి వినపడేలా పెట్టుకునేవాడు. మేము నవ్వేవాళ్ళం.

జూలై 10

కుడిది కూడా పోకముందే ఆ శబ్దం నాకు కావాలి. పెద్ద శబ్దాలు వద్దంది డాక్టరమ్మ. తెలుసు... అయినా కావాలి.

జూలై 13

చెన్నకేశవుడి గుడి. అర్చనకు నిలబడ్డాం. పంతులు "ఎడమ పక్కకు రామ్మా, శెట్టిగారికి ఎడమ పక్కకు" అన్నాడు. రమ విననట్టే కుడి పక్కనే నిలబడింది. ఆయన మళ్ళీ అన్నాడు. "ఇట్లనే కానీయండి సామీ" అంది. జనంలో నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మధ్య మొండితనం ఎక్కువవుతోంది ఈమెకు. బస్సులో అంతే, పెళ్ళిళ్ళలో అంతే. తన చోటు తనకే కావాలి.

జూలై 16

శీను ఇంటికొచ్చి పాఠం చెప్పాడు. జర్మనీ బండికి టర్బో, అది శబ్దాన్ని మింగేస్తుంది. సర్వీసు సులభం, కొనేవాళ్ళు ఎక్కువ, బూడిద రంగు ఎవరికయినా నచ్చుతుంది. ఇటలీ దానికి టర్బో లేదు, పది సిలిండర్లు, అరుపే అరుపు. పసుపు రంగు చూసి మోజుపడేవాళ్ళు వందమంది, కొనేవాడు ఒకడు. ఏది కొన్నా తెలంగాణ బండే, ఇక్కడికి మార్చుకోవాలంటే మళ్ళీ టాక్సు.

ఫోనులో రెండింటి శబ్దాలూ వినిపించాడు. కుడిచెవికి ఆనించుకున్నా. జర్మనీది ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంది. అలాంటి మాటలు నాకు ఇంటినిండా ఉన్నాయి.

"ఇటలీదే" అన్నాను.

"శబ్దం కోసం అంత డబ్బు పెట్టేవాణ్ణి నిన్నే చూసినా బావా. శబ్దానికి రీసేల్ యాడుంటాది?"

ఉండదురా. నాకు తెలుసు.

జూలై 19

కీర్తన విజయవాడ హాస్టల్ నుంచి ఫోను. "డాడీ, ఎలక్ట్రిక్ తీసుకో. చప్పుడే ఉండదు." మా అమ్మే. చప్పుడు లేకపోవడం కోసం నేను డబ్బు పెట్టాలా? ఆ సుఖం ఊరికే వస్తోంది నాకు.

జూలై 24

పెద్ద పొరపాటు చేశాను. చెన్నై నుంచి వచ్చిన పార్టీ ఆఫీసులో నాకు ఎడమవైపు కూర్చున్నాడు. మెల్లగా మాట్లాడే మనిషి. ఊ కొట్టాను. రెండుమూడు సార్లు కొట్టాను. ఆయన సంతోషంగా చెయ్యి కలిపి పోయాడు.

సాయంత్రం శీను ఎగిరెగిరి పడ్డాడు. దారిలో పగిలిన పలకలన్నీ ఇకమీదట మన లెక్కలోనేనట. "దానికెట్ల ఒప్పుకున్నావు బావా? నిద్రపోయినావా?"

"పాత పార్టీ కదా, పోనీలే అనుకున్నా" అన్నాను. రమ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 6

శ్రావణం వచ్చింది. హైదరాబాదు. రమ, శీను, నేను.

పసుపు బండిని ముట్టుకున్నా. అంత కిందికి వంగి కూర్చునేసరికి నడుం పట్టేసింది. సరే, నడుందేముంది.

షోరూం అబ్బాయిని ఒక మాట అడిగాను — ఇదే బండి స్టీరింగు ఎడమ పక్క ఉన్నది దొరుకుతుందా అని. వాడు నవ్వాడు. "మన దేశంలో రిజిస్ట్రేషన్ కాదు సార్." శీను నా వంక అదోలా చూశాడు. "పిచ్చిగాని పట్టిందా బావా?" రమ మాత్రం నవ్వలేదు.

మొదటి రౌండు నేను నడుపుతుంటే ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాడు. రెండో రౌండుకు శీను పూచీపడి రమను ఎక్కించాడు. సౌండు రికార్డు చేసి పంపమంది కీర్తన. ఫోను ఆన్ చేసి సీట్ల మధ్యలో పెట్టాను.

అబ్బా... ఇంజను వీపు వెనకే. గేరు మారినప్పుడల్లా వెన్నెముకలో పలికింది. కుడిచెవి నిండిపోయింది. గట్టిగా నవ్వాను. అన్నీ మరిచిపోయాను. గుంటూరు మరిచిపోయాను.

అప్పుడు కంటి చివర రమ పెదాలు కదలడం కనపడింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేను. ఊ అన్నాను. మళ్ళీ ఏదో అంది. "ఊ ఊ, అట్లనే" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

అడ్వాన్సు వారంలోపు పంపుతానని చెప్పి వచ్చాం.

ఆగస్టు 7

దారంతా రమ నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు.

ఏమంది? ఇంతకాలం ఎన్నింటికి ఊ కొట్టానో లెక్కలేదు, ఎప్పుడూ ఇంత భయం వేయలేదు.

ఆగస్టు 8

రికార్డింగ్ విన్నాను. మేడ మీద, తలుపు వేసుకుని. ఇంజను బ్రహ్మాండంగా వస్తోంది. దాని కింద ఎక్కడో రమ గొంతు. మొదటిది పొడుగు మాట. రెండోది చిన్నది. మధ్యలో నా ఊ మాత్రం స్పష్టంగా ఉంది, గాడిద ఊ.

సౌండు పెంచితే ఇంజను పెరుగుతుంది. తగ్గిస్తే రమ పోతుంది. ఇరవై ఏళ్ళ పైన కాపురం చేసిన గొంతు, ఒక్క మాట విడిపడలేదు.

ఎవరినయినా వినమనాలి. కీర్తననా? శీనునా? నీ అక్క నాతో ఏమందో విని చెప్పరా అని? సిగ్గేసి ఫోను జేబులో పెట్టుకున్నా. ఏడుపొచ్చింది. వస్తే రానీ.

ఆగస్టు 9

షోరూం వాళ్ళ ఫోను. ఎత్తలేదు. ఆ బండికి ఇంకో పార్టీ వచ్చిందని శీను మెసేజ్.

ఆగస్టు 10

పొద్దున వంటింట్లోకి పోయాను. రమ కింద కూర్చుని గోంగూర వలుస్తోంది. ఆమె ముందు ఫోను పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. వంటిల్లంతా ఇంజను. గోంగూర కాడ చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నది.

"దీంట్లో నువ్వేమన్నావు?" అన్నాను.

నా వంక చూసింది. కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. ఎడమవైపు నుంచి నా వెనకగా చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి నిలబడింది. గుడిలో నిలబడినట్టే. బస్సులో కూర్చునేటట్టే.

మొండితనం అనుకున్నాను. ఎంత వెధవని నేను.

"ఇంట్లో అయితే ఎట్లనో ఈ పక్కకు వస్తాను" అంది చెవి దగ్గర. "ఆ కార్లో ఈ పక్కకు రానీకి దారి లేదు గదండీ."

మళ్ళీ అడిగాను. "ఏమన్నావో చెప్పు రమా."

"మీరు ఊ అన్నారు గదా" అంది.

దేనికి ఊ అన్నానో చెప్పలేదు. మళ్ళీ కూర్చుని గోంగూర అందుకుంది. కొంచెం సేపటికి తలెత్తి చేత్తో చూపించింది — నా ఫోను మోగుతోందట. హైదరాబాదు నంబరు. ఎత్తమంటావా అని అడిగాను. ఏదో అంది. ఈసారి ఊ అనలేదు. వెళ్ళి ఆమెకు ఎడమ పక్కన, నా కుడిచెవి ఆమె వైపు ఉండేలా కూర్చున్నాను.