పెరటి గుంజ మీద నా తమ్ముని ముద్ర

ఈ కాగితం చేతబట్టిన మనిషీ, నీ తోబుట్టువు మీద నువ్వు మోపిన నిందలో నిజమెంతో ఎన్నడైనా నిన్ను నువ్వు అడిగావా? అడగకుంటే కూర్చొని చదువు. అడిగి కూడా ఊరుకున్నవాడివైతే నీకూ నాకూ తేడా లేదు, దగ్గరికి జరిగి చదువు.

బెల్లంపల్లి బొగ్గుగనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని ముప్పై ఏండ్లు చేసి దిగిపోయిన సిద్దిరాములు అనే నేను, వయస్సు అరవై రెండు, ఈ వీలునామాను నా చేత్తో రాస్తున్నాను. గొంతులో గడ్డ లేచి రెండేండ్లుగా మాట లేదు. బుద్ధిలో ఏ గడ్డా లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, కల్లు తాగించలేదు. నేను కల్లు విడిచి ముప్పై ఏండ్లయిందని బస్తీకంతా తెలుసు. బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. దేవుని గ్రంథం మీదనే అక్షరాలు దిద్దుకున్నాను గనుక నా రాతలో వాక్యం అడ్డం పడితే ఓర్చుకోండి.

ఇందులో రాసినవన్నీ జరిపించే బాధ్యత మా ప్రార్థన ఇంటి పెద్ద ఎల్లేశానిది.

ఒకటి. రెండు అర్రల పెంకుటిల్లు, పెరడు, బావిలో నా సగం వాటా నా బిడ్డ సారక్కకు. పెనిమిటి పోయి పదమూడేండ్లుగా నాతోనే ఉంటున్నది. నా గొంతు దిగేంత పలుచగా గంజి కాచి, తన చిటికెన వేలు ముంచి వేడి చూసి పోస్తుంది. ఈ ఇంట్లో ఏ గోడ మీదా ఎవరికీ హక్కు లేదు, ఆమెకు తప్ప.

అయితే ఆమె ఒక మనిషిని గడప తొక్కనియ్యదు. నా తమ్ముడు అంబదాస్. నిన్న సెలవు మీద ఊరికి వచ్చి డాక్ బంగ్లాలో దిగాడు. మనిషితో కబురు పంపాడు: "బిడ్డ ఒప్పుకుంటే వస్త. ఒప్పుకోకుంటే ఫికర్ లేదు, అన్నను దూరంకెల్లి చూసి పోత." సారక్క ఒప్పుకోలేదు. ఈ సాయంత్రం రైలుబండికి పోతున్నాడు. మళ్లీ మూడేండ్లకు గాని రాడు. అన్నాళ్లు నేను ఉండను. ఈ రాత అందుకే.

రెండు. మా వాడకట్టు పిల్లగాడు వెంకటికి నా గొడుగు. అది ఎనిమిదేండ్లుగా వాడి దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా "రేపు తెస్త పెద్దయ్యా" అన్నాడు. ఇక తేనక్కరలేదు.

మూడు. అంబదాస్‌కు మమ్మల్ని కన్న అవ్వ కుంకుమ డబ్బీ. ధర్మపురి జాతరలో కొన్న ఇత్తడిది. క్రీస్తు వాక్యం పట్టుకున్న కొత్తలో నేను ఆవేశపడి ఇంట్లోని పటాలన్నీ గోదావరిలో కలిపాను. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. డబ్బీని మాత్రం కలపలేకపోయాను. మూత లోపల ఆమె వేలి ఆనవాలు ఎర్రగా ఉండిపోయింది. విగ్రహాలకు నేను మొక్కలేదు, మొక్కను. ఆ వేలు విగ్రహం కాదు.

వాడు ఎట్లా ఎదిగాడో సారక్కకు మొత్తం తెలియదు. ఆమె ముందు వాడి పేరెత్తం. అందుకని ఇక్కడ రాస్తున్నాను. బాపు పోయేనాటికి వాడికి పదకొండేండ్లు. మగ్గం అమ్మి నేను గనిలో చేరితే, కొంచెం ఎదిగాక వాడు అడవి దారి పట్టాడు. గోండుల దగ్గర వెదురు కొని ఎడ్లబండి మీద తెచ్చి అమ్మాడు. ఉర్దూ, మరాఠీ, గోండీ, అన్నీ బేరంలోనే నేర్చాడు. ధర మాట్లాడే ముందు ఎదుటివాని ఎడ్లకు నీళ్లు పెట్టించేవాడు. నేను ఎగతాళి చేస్తే, "ఎడ్లు తాగుతుంటే మనిషి కోపానికి రాడన్నా" అనేవాడు. పోలీసు యాక్షన్ ఏడాది దారులన్నీ మూసుకుపోతే, ఇరవై బండ్ల కట్టెను రెండు పక్షాల తుపాకుల నడుమ నుంచి ఒట్టి మాటలతో దాటించుకొచ్చాడు. ఆ తర్వాత మా గనికి దుంగల గుత్త, కాగజ్‌నగర్‌లోని కాగితపు మిల్లుకు వెదురు, సొంత కోతమిషను. యాభై నాలుగులో ఈ ఊరు వాణ్ణి వెళ్లగొట్టింది. హైదరాబాదు పోయి కట్టె వ్యాపారులందరికీ పెద్ద అయ్యాడు. యజమానులకూ కూలీలకూ తగవు వస్తే ఇద్దరూ వాడినే పిలిచేవారు. అది ఢిల్లీ దాకా వినబడింది. అరవై మూడులో సర్కారు వాణ్ణి మంచు కురిసే ఒక చిన్న దేశానికి రాయబారిగా పంపింది.

పేపర్లో వార్త పడ్డ నాడు మా వాడకట్టంతా పరేషాన్. "అంబదాస్ అంబాసిడర్ అయిండట" అని వెంకటి చదివితే, పక్కింటి శంకరవ్వ కసిరింది: "థూ, మనిషి కారెట్ల అయితడురా? కొన్నడేమో, జర మంచిగ చదువు." "కొనలేదవ్వా, అయిండు." "అయితే ఇగ ఎవ్వలెక్కి తిరుగుతరు?" అందరూ నవ్వారు. సారక్క లేచి లోపలికి పోయింది.

ఆ దేశం నుంచి నాకు ఒకటే ఉత్తరం రాశాడు. "అన్నా, గీడ ఎడ్లు లేవు గని, పని గదే."

నాలుగు. పెరట్లో బట్టలారేసే గుంజ. ఇల్లూ పెరడూ ఇచ్చినప్పుడే ఇది కూడా ఇచ్చినట్టు కదా అనుకోకండి. దీన్ని సారక్కకు వేరుగా ఇస్తున్నాను.

బిడ్డా, యాభై నాలుగు వానకాలంలో నీ పెనిమిటి గట్టయ్య మీద గని కప్పు కూలింది. అంబదాస్ అమ్మిన పుచ్చు దుంగ విరిగిందని విచారణకు వచ్చినవాళ్లకు చెప్పింది నేను. ఆ ఆదివారమే ప్రార్థన ఇంట్లో లేచి, దొంగ తూకం దేవునికి అసహ్యమన్న వాక్యం తీసి, సొంత తమ్ముణ్ణి పేరు పెట్టి శపించింది నేను. వాడి గుత్త పోయింది. "గాయన చెయ్యి మా గడప ముట్టద్దు" అన్నావు నువ్వు. వాడు పంపిన చీర మడత విప్పకుండా తిప్పి పంపావు.

దుంగ విరగలేదు సారక్కా. జారింది. నిలబెట్టింది నేను. అది జానెడు పొట్టిగా ఉండె. వేరేది తెప్పించాలి. సాయంత్రం నా ప్రసంగం ఉంది, ఆలస్యమవుతుందని కింద చెక్కముక్కలు పేర్చి దాన్ని నిలబెట్టి వచ్చేశాను. నేను మందిలో పరలోకపు మహిమ చెబుతున్న గంటలోనే కప్పు దిగింది.

పైకి తెచ్చిన పాత కట్టెల్లో ఆ దుంగను ఏరి తెచ్చి పెరట్లో పాతాను. దాచడానికో, రోజూ చూడటానికో నాకే తెలియదు. పదమూడు వానకాలాలు దాని మీద కురిశాయి. పోయి చూడు. చెద తాకలేదు, ఒక్క పగులు లేదు. పైన తీగ చుట్లు విప్పితే అమ్మే ప్రతి దుంగ మీదా వాడు కొట్టే సుత్తె ముద్ర కనబడుతుంది, సున్నలో 'అం'. తీగ అక్కడే ఎందుకు చుట్టానో ఇక చెప్పనక్కరలేదు. సోదరుని కంట్లో నలుసు ఎంచేవాడి కంట్లో దూలముంటుందని ఎన్ని ఊళ్లలో అరిచాను! నా కంట్లోది దూలం కాదు, ఏడడుగుల నల్లమద్ది దుంగ.

అంబదాస్‌కు ఇది తెలుసు. అరవై మూడులో ఆ దేశం పోయే ముందు మనకు చెప్పిపోదామని వస్తే నువ్వు తలుపు వేశావు. వెనుక దారిన పెరట్లోకి వచ్చాడు. బొటనవేలితో తీగ జరిపాడు, ముద్ర చూశాడు, దుంగను పై నుంచి కిందికి తడిమాడు. కట్టె చూసి కథ చెప్పగలవాడు. తన పేరు కడిగే సాక్ష్యం చేతి కింద ఉంది, నలుగురిని కేకేస్తే చాలు. నా ముఖం చూశాడు. "గుంజ మంచిగున్నదన్నా" అన్నాడు. తీగను మళ్లీ ముద్ర మీదికి జరిపి వెళ్లిపోయాడు. మనం దేవుని రాయబారులమన్న వాక్యం మీద నేను గంటల తరబడి కేకలు వేసినవాణ్ణి. రాయబారం అంటే నోరు తెరవడమే అనుకున్నాను, ఆనాటి వరకు.

నోరు పోయింది గనుక సిద్దిరాములు చెప్పలేకపోయాడని నా తరఫున ఎవరూ అనవద్దు. నోరున్న పదకొండేండ్లూ చెప్పలేదు.

ఐదు. వీలునామాను మనిషి పోయినంక చదువుతారు. దీన్ని నేను బతికుండగానే, ఇవాళ్టి ఆరాధనలో, ఎల్లేశం గట్టిగా చదవాలి. నలుగురిలో వేసిన నిందను నలుగురిలోనే దించాలి. నేను ముందు వరుసలో కూర్చుంటాను. నా పేరు మీద ఇక ప్రసంగాలు వద్దు. సారక్క నన్ను క్షమించాలని ఇందులో అడగను, అది కాగితంతో అడిగేది కాదు. రేపటి నుంచి ఆమె గంజి పోయకుంటే అదీ న్యాయమే. కాని ఆమె తన చిన్నబాపు అంబదాస్ దగ్గరికి పోవాలి. అర్పణ సైతం బలిపీఠం ముందు విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. ఆరాధన సగంలో ఆగినా ఆయన కోపపడడు.

పంతొమ్మిది వందల అరవై ఏడు, నవంబరు పంతొమ్మిది, ఆదివారం పొద్దున, బెల్లంపల్లి.

సిద్దిరాములు (స్వహస్తం)

సాక్షులు: నాగయ్య, బొగ్గు ఎత్తే కూలి (సంతకం), శంకరవ్వ, పక్కిల్లు (ఎడమ బొటనవేలి ముద్ర). నేను రాసి ముగించి సంతకం చేయగా చూశారు. లోపలి సంగతి ఇద్దరికీ తెలియదు.

ఎల్లేశం, బండి ఐదు గంటలకు. ఈ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టకు. గంట కొట్టు, అందరినీ పిలువు, చదువు. చదివినంక సారక్కను వెంటబెట్టుకొని డాక్ బంగ్లాకు నడువు. ఆమె రానంటే వాణ్ణే ఇక్కడికి తోలుకరా. రేపు అనకు, ఇవాళే. లే, ఇప్పుడే లే.