టీచర్‌కు చెప్పమన్న పేజీ

మంగళవారం రాత్రి, హామిల్టన్

నల్లజాతి పిల్లల కోసం నేను డిజైన్ చేస్తున్న మానసిక ఆరోగ్య పుస్తకాన్ని ఈ రోజు లైబ్రరీలో కొందరు పిల్లలకు చూపించాను. డెట్రాయిట్ నుంచి ఈమధ్యే వచ్చిన పదకొండేళ్ల ఇమాని, ‘కోపం వస్తే టీచర్‌కు చెప్పు’ అన్న పేజీ దగ్గర ఆగిపోయింది.

"మిస్, తెల్లపిల్లలు అరిస్తే కూర్చోబెట్టి నీళ్లిస్తారు. నేను అరిస్తే ప్రిన్సిపల్ ఆఫీసుకు పంపిస్తారు," అంది.

"నేను నిన్ను నమ్ముతున్నాను," అనేశాను.

"అందరూ ఇలాగే తొందరగా అనేస్తారు," అని పేజీ తిప్పేసింది.

ఇంటికొచ్చి ఆ పేజీ తీసేశాను. పుస్తకం శుక్రవారం ప్రింటుకు వెళ్లాలి. అక్కడ ఏం పెట్టాలో తోచక ఈ పుస్తకానికి సలహాలిస్తున్న కౌన్సెలర్ డెనీస్‌కు ఫోన్ చేశాను.

"ఆ పిల్లనే అడగకపోయావా?" అంది.

అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నమ్ముతున్నానని చెప్పానే గానీ, స్కూల్లో ఏం జరిగిందని ఒక్క మాట అడగలేదు.